కొత్తగా పబ్లిక్ పాలసీ డిగ్రీ పెట్టాలంటే: ప్రతిపాదన నుంచి మొదటి బ్యాచ్ దాకా

‘మా యూనివర్సిటీలో పబ్లిక్ పాలసీ డిగ్రీ పెడదామనుకుంటున్నాం, సిలబస్ నమూనా ఏదైనా ఉంటే పంపండి’ అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సిలబస్ పంపడం తేలికే. దాంతో పని మొదలుపెట్టినవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకేచోట ఇరుక్కుంటారు. చేతిలో ముప్పై నలభై కోర్సుల పేర్లుంటాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు చెప్తారు అని అడిగితే జవాబుండదు.

అందుకే ఇక్కడ సిలబస్ ఇవ్వడం లేదు. పని ఏ వరుసలో చేయాలో రాస్తున్నాను.

## 1. కాగితం పట్టుకునే ముందు తలుపులు తట్టండి

ప్రభుత్వ విధానాలను రూపొందించడం, బేరీజు వేయడం నేర్పే పబ్లిక్ పాలసీ ఒక్క విభాగం సొత్తు కాదు. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, స్టాటిస్టిక్స్, సోషియాలజీ, లా విభాగాలన్నిటికీ ఇందులో వాటా ఉంది. వాటా ఉన్నచోట అనుమానమూ ఉంటుంది. ‘మా సబ్జెక్టుకే పేరు మార్చి, మా విద్యార్థుల్ని లాక్కుపోతారా?’ అనే ప్రశ్న పైకి ఎవరూ అనరు కానీ, ప్రతి సమావేశంలోనూ అందరి మనసులో అదే ఉంటుంది.

దీన్ని కమిటీ సమావేశంలో మొదటిసారి ఎదుర్కొంటే ఓడిపోతారు. ఆ విభాగాధిపతుల్ని ముందే విడివిడిగా కలవండి. వెళ్లేటప్పుడు ప్రతిపాదన పట్టుకెళ్లకండి, రెండు ప్రశ్నలు పట్టుకెళ్లండి: మీ కోర్సుల్లో మా విద్యార్థులకు పనికొచ్చేవి ఏవి? ఏ సెమిస్టర్‌లో ఎన్ని సీట్లు ఇవ్వగలరు?

జవాబు నోటిమాటగా వస్తే అది ఇంకా జవాబు కిందికి రాదు. నేను పనిచేసిన ఒక కమిటీలో ‘మైక్రో ఎకనామిక్స్ మేం చెప్తాం, బెంగపడకండి’ అన్న విభాగాధిపతి, మొదటి బ్యాచ్ రెండో సెమిస్టర్‌కు వచ్చేసరికి ఆ పదవిలో లేరు. కొత్తగా వచ్చినవారికి ఆ మాటే తెలియదు. 60 మంది విద్యార్థులకు మూడు వారాల్లో అధ్యాపకుణ్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ అడుగు పూర్తయిందనడానికి గుర్తులు:

- అరువు తెచ్చుకునే ప్రతి కోర్సుకూ సీట్ల సంఖ్య, సెమిస్టర్ రాసిన సమ్మతి పత్రం ఉంది.
- ఏ కోర్సు ఎవరి కోర్సుతో ఎంతవరకు కలుస్తుందో చూపించే ఒక పేజీ పట్టిక ఉంది.
- డీన్‌తో, రిజిస్ట్రార్‌తో, లైబ్రరీతో ఒక్కసారైనా మాట్లాడారు.

## 2. క్యాలెండర్ వెనక నుంచి లెక్కపెట్టండి

మొదటి విద్యార్థి క్లాసులో కూర్చునే తేదీ వేసుకుని వెనక్కి నడవండి. అడ్మిషన్ల ప్రకటన ఎప్పుడు ఖరారవుతుంది? దానికి ముందు సెనేట్ లేదా అకడమిక్ కౌన్సిల్ ఎప్పుడు కూర్చుంటుంది? దానికి ముందు ఫ్యాకల్టీ కమిటీ, అంతకు ముందు బోర్డ్ ఆఫ్ స్టడీస్? పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కానీ మెట్లు మాత్రం ఉంటాయి. ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి ‘సవరించి తీసుకురండి’ అంటారనే లెక్క వేసుకోండి. ఏడాదిన్నర కంటే తక్కువలో అయిపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

బయటి అనుమతుల సంగతి దేశాన్ని బట్టి మారుతుంది, మీ నియంత్రణ సంస్థ నిబంధనలు ముందే చదవండి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఈ రంగంలో అందరికీ తెలిసిన అక్రెడిటేషన్ సంస్థ నాస్పా గుర్తింపు ఇచ్చేది మాస్టర్స్ కార్యక్రమాలకు. బ్యాచిలర్ డిగ్రీకి దాని ముద్ర కోసం ఎదురుచూడకండి, దాని మాస్టర్స్ ప్రమాణాల్ని కిందికి దించి అతికించనూ వద్దు. ఉద్యోగ అనుభవంతో వచ్చే ఇరవై ఆరేళ్ల మనిషి వేరు, బడి దాటి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల వేరు.

## 3. పట్టా పుచ్చుకున్న విద్యార్థి ఏం చేయగలగాలి?

కోర్సుల పేర్ల జోలికి ఇంకా వెళ్లొద్దు. ముందు ఆరేడు వాక్యాలు రాయండి. ప్రతి వాక్యమూ ‘చేయగలరు’ అనే అర్థంలో ముగియాలి, దాన్ని పరీక్షించడానికి వీలుండాలి.

‘ప్రజా విధానాల ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకుంటారు’ అని రాస్తే, అర్థం చేసుకున్నారో లేదో ఎలా కొలుస్తారు? ఇలా రాసి చూడండి:

- ఒక ప్రజా సమస్యకు కనీసం మూడు ప్రత్యామ్నాయాలు తయారుచేసి, ఖర్చు, న్యాయం, అమలు సాధ్యత అనే గీటురాళ్లపై పోల్చగలరు.
- ప్రభుత్వ గణాంకాల ఫైలును శుభ్రం చేసి, అంశాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే రిగ్రెషన్ నడిపి, ఫలితాన్ని గణితం రాని అధికారికి విడమరచి చెప్పగలరు.
- ఒక పథకం నిజంగా పనిచేసిందా అనే వాదన ఎక్కడ బలహీనంగా ఉందో పట్టుకోగలరు.
- బడ్జెట్ పత్రం చదివి, కేటాయింపుకు, ఖర్చుకు మధ్య తేడా చూపించగలరు.
- నిర్ణయం తీసుకునే వ్యక్తికి రెండు పేజీల మెమో రాయగలరు.

పన్నెండు పదిహేను వాక్యాలు రాసుకొచ్చే కమిటీలను చూశాను. అన్నేసి లక్ష్యాలను తర్వాత ఏటా కొలవాల్సింది మీరే. ఏడు దాటనివ్వకండి.

## 4. క్రెడిట్ల లెక్క

ముందు మీ వ్యవస్థలో క్రెడిట్ అంటే ఏమిటో చూసుకోండి. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు. ఐరోపా దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో మూడేళ్లకు 180, ఏడాదికి 60, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. భారత్‌లో యూజీసీ 2022 చట్రం ప్రకారం మూడేళ్లకు 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఒకచోటి సిలబస్‌ను మరోచోట యథాతథంగా దించుకుంటే లెక్క తప్పేది ఇందుకే.

నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు, 120 క్రెడిట్ల డిగ్రీని ఉదాహరణగా తీసుకుందాం. అందులో మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు 60, మిగతా 60 సాధారణ విద్యకు, విద్యార్థి ఇష్టానికి. మేజర్ 60ని ఇలా పంచవచ్చు:

- పునాది 15: పాలసీ పరిచయం, మైక్రో ఎకనామిక్స్, రాజకీయ సంస్థలు, ప్రభుత్వ బడ్జెట్, నైతికత.
- మెథడ్స్ 15: స్టాటిస్టిక్స్ రెండు కోర్సులు, పరిశోధన రూపకల్పన, ప్రోగ్రామ్ మూల్యాంకనం, లాభ వ్యయ విశ్లేషణ.
- విశ్లేషణ, రచన, అమలు 9.
- ఏదో ఒక రంగంలో లోతు 12: ఆరోగ్యం, విద్య, పర్యావరణం, నగర పాలన లాంటివి.
- ఇంటర్న్‌షిప్ 3, చివరి ఏడాది క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు 6.

మేజర్‌ను 80 దాకా పెంచుదామనే ఒత్తిడి వస్తుంది, ప్రతి విభాగమూ తన కోర్సు తప్పనిసరి అంటుంది. లొంగకండి. ఆరోగ్య విధానం మీద పనిచేయాలనుకునే విద్యార్థికి జీవశాస్త్రంలో రెండు కోర్సులు తీసుకునే చోటుండాలి.

## 5. వరుస: అసలు పని ఇక్కడే

కోర్సుల జాబితా బాగానే ఉండి కూడా డిగ్రీ కుంటుతున్నదంటే తప్పు సాధారణంగా వరుసలో ఉంటుంది. మా మొదటి డ్రాఫ్టులో ప్రోగ్రామ్ మూల్యాంకనం మూడో సెమిస్టర్‌లో, దానికి ముందు చదవాల్సిన రెండో స్టాటిస్టిక్స్ కోర్సు నాలుగో సెమిస్టర్‌లో ఉండిపోయాయి. తొమ్మిది మంది ప్రొఫెసర్లం చదివాం, ఒక్కరికీ కనబడలేదు. ఆఫీసులో టైమ్‌టేబుల్ వేసే గుమాస్తా పట్టుకున్నారు.

ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ప్రతి కోర్సుకూ ఒక అట్టముక్క. ముందువైపు కోర్సు పేరు, వెనకవైపు దానికి ముందు తప్పక చదవాల్సిన కోర్సులు. పెద్ద బల్ల మీద ఎనిమిది నిలువు వరుసలు గీసి ముక్కలు పేర్చండి. వెనకవైపు రాసినదేదీ తన కుడిపక్కన ఉండకూడదు. స్ప్రెడ్‌షీట్‌లోనూ చేయవచ్చు కానీ, నలుగురు బల్ల చుట్టూ నిలబడి ముక్కలు జరుపుతున్నప్పుడు బయటపడే తప్పులు తెర మీద బయటపడవు.

పైన చెప్పిన 60 క్రెడిట్లు పేరిస్తే ఇలా వస్తుంది:

- సెమిస్టర్ 1: పాలసీ పరిచయం
- సెమిస్టర్ 2: మైక్రో ఎకనామిక్స్, రాజకీయ సంస్థలు
- సెమిస్టర్ 3: స్టాటిస్టిక్స్ ఒకటి, నైతికత
- సెమిస్టర్ 4: స్టాటిస్టిక్స్ రెండు, పాలసీ విశ్లేషణ
- సెమిస్టర్ 5: పరిశోధన రూపకల్పన, మెమో వర్క్‌షాప్, ప్రభుత్వ బడ్జెట్, రంగం కోర్సు
- సెమిస్టర్ 6: ప్రోగ్రామ్ మూల్యాంకనం, లాభ వ్యయ విశ్లేషణ, అమలు, రంగం కోర్సు
- సెలవుల్లో: ఇంటర్న్‌షిప్
- సెమిస్టర్ 7, 8: క్యాప్‌స్టోన్ రెండు భాగాలు, సెమిస్టర్‌కో రంగం కోర్సు

పేర్చాక మూడు ప్రశ్నలు వేయండి. మూడో సెమిస్టర్‌లో మేజర్ మార్చుకుని వచ్చిన విద్యార్థి సమయానికి పూర్తిచేయగలడా? స్టాటిస్టిక్స్ ఒకటిలో తప్పినవాళ్లు ఏడాదంతా ఆగిపోవాలా, లేక తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ రాయవచ్చా? ఒక సెమిస్టర్ వేరే యూనివర్సిటీలో చదివి రావాలంటే ఖాళీ ఎక్కడుంది? ఈ వరుసలో ఆ ఖాళీకి సెమిస్టర్ 7 ఒక్కటే దారి, అదీ క్యాప్‌స్టోన్ మొదటి భాగాన్ని దూరం నుంచి చేయనిస్తేనే. అలాంటి సంగతులు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

మొదటి సెమిస్టర్‌లో పరిచయం కోర్సును సిద్ధాంతాల కుప్ప చేయకండి. ఒకే సమస్యను సెమిస్టరంతా నడిపించండి. ప్లాస్టిక్ సంచుల మీద 2002లో ఐర్లాండ్ వేసిన 15 సెంట్ల సుంకం, నగర కేంద్రంలోకి వచ్చే వాహనాల మీద 2003 ఫిబ్రవరిలో లండన్ మొదలుపెట్టిన 5 పౌండ్ల రద్దీ రుసుము లాంటివి మొదటి ఏడాదివాళ్లకు సరిగ్గా సరిపోతాయి. సమస్య కంటికి కనిపిస్తుంది, పరిష్కారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, చిక్కులు మాత్రం తవ్వినకొద్దీ వస్తాయి.

## 6. మెథడ్స్ కోర్సులను గణితం క్లాసు కానివ్వకండి

స్టాటిస్టిక్స్ విభాగం నుంచి ఉన్న కోర్సునే అరువు తెచ్చుకోవాలని అందరూ అనుకుంటారు. ఆ ఒక్కటీ మీరే చెప్పుకోండి. నాణేలు, పాచికలతో సంభావ్యత నేర్చుకున్న విద్యార్థి, రెండేళ్ల తర్వాత ఒక పథకం నివేదిక ముందు పెడితే ఏం అడగాలో తెలియక కూర్చుంటాడు.

క్లాసులో నాలుగు అంకెలతో మొదలుపెట్టవచ్చు. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఈ రెండు రాష్ట్రాల్లోని 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పెంపుకు ముందూ తర్వాతా ఉద్యోగుల సంఖ్య అడిగి రాసుకున్నారు. పార్ట్‌టైమ్ ఉద్యోగిని సగంగా లెక్కిస్తే, న్యూజెర్సీలో దుకాణానికి సగటు ఉద్యోగుల సంఖ్య 20.44 నుంచి 21.03కు పెరిగింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కు తగ్గింది.

బోర్డు మీద ఈ నాలుగే రాయండి. ఒకచోట 0.59 పెరుగుదల, మరోచోట 2.16 తగ్గుదల. రెంటి మధ్య తేడా సుమారు 2.75. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయనే అంచనాకు ఇది ఎదురు. తేడాల మధ్య తేడా అనే పద్ధతి సూత్రం లేకుండానే అక్కడ తెలిసిపోతుంది.

అక్కడితో ఆపకండి. తర్వాత డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ జీతాల రికార్డులు తెచ్చి అదే ప్రశ్నకు వేరే జవాబు చూపించారు. రెండో గంట దానికివ్వండి. డేటా ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

ఎవరికి ముందు అందాలో చీటీ వేసినట్టు ఎంచే యాదృచ్ఛిక ప్రయోగాలకు, మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా మంచి ఉదాహరణ. పిల్లల్ని బడికి పంపే పేద కుటుంబాలకు నగదు సాయం ఇచ్చే పథకం అది. 506 గ్రామ సముదాయాల్లో 320కి సాయం ముందు, 186కి తర్వాత అందింది. ఆ 186 చోట్లవాళ్లను ఆగమనడం న్యాయమేనా అనే చర్చను నైతికత కోర్సుకు దాచిపెట్టక్కర్లేదు, అక్కడే జరగనివ్వండి.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎంచుకోండి. ఆర్ అయినా, పైథాన్ అయినా, స్టేటా అయినా సరే. మూడు కోర్సుల్లో మూడు వాడితే విద్యార్థికి ఒక్కటీ రాదు.

## 7. మెమో: చిన్న పని, పెద్ద శ్రమ

పాలసీ విద్యార్థిని వ్యాసాలు రాసే విద్యార్థి నుంచి వేరుచేసేది ఈ కోర్సు. నియమాలు కొద్దిగానే పెట్టండి: రెండు పేజీలు, ఫలానా అధికారికి, సిఫారసు మొదటి పేరాలో.

నగర బస్సుల ఆలస్యం గురించి రవాణా కమిషనర్‌కు మెమో రాయమంటే మొదటిసారి వచ్చేది ఇలా ఉంటుంది: ‘ప్రజా రవాణా ఏ నగరానికైనా ప్రాణనాడి వంటిది.’ కమిషనర్‌కు ఆ సంగతి తెలుసు. నాలుగోసారి తిరగరాశాక ఇలా వస్తుంది: ‘ఉదయం రద్దీ వేళల్లో రెండు ప్రధాన మార్గాల్లో బస్సులకు ప్రత్యేక లేన్ కేటాయించాలని సిఫారసు చేస్తున్నాను. కొత్త బస్సులు కొనడం కంటే దీనికి ఖర్చు తక్కువ, కానీ దుకాణదారులకు రోడ్డు పక్క పార్కింగ్ పోతుంది.’ నష్టపోయేది ఎవరో రెండో వాక్యంలోనే వచ్చింది చూడండి.

ఈ మార్పుకు మూడు నాలుగు డ్రాఫ్టులు, ప్రతిదాని మీదా అధ్యాపకుడి గీతలు కావాలి. అందుకే సెక్షన్‌కు 20 మంది మించకూడదు. ఖర్చు తగ్గించమని పై నుంచి మాట వచ్చినప్పుడు మొదట కత్తిరించాలని చూసేది దీన్నే.

## 8. ఇంటర్న్‌షిప్, క్యాప్‌స్టోన్

ఇంటర్న్‌షిప్ విషయంలో ఒక్క మాట: ఒప్పందం మీద సంతకం చేసిన సంస్థ పెద్దమనిషి పేరు చాలదు, రోజూ విద్యార్థికి పని చెప్పే మనిషి పేరు కావాలి. లేకపోతే రెండు నెలలు జిరాక్సులు తీస్తారు. పని ముగిశాక విద్యార్థి ఏమి సమర్పించాలో ముందే రాయండి, హాజరు ధ్రువపత్రానికి మార్కులు వేయకండి.

క్యాప్‌స్టోన్‌లో అయిదుగురేసి జట్టుగా బయటి సంస్థకు నిజమైన పని చేసిపెడతారు. ఎక్కువగా చెడేది ప్రశ్న పరిధి దగ్గర. ‘మా జిల్లాలో పేదరికం ఎలా తగ్గించాలి’ అని అడిగే సంస్థకు మర్యాదగా చెప్పి, రెండు సెమిస్టర్లలో తేలే ప్రశ్నగా కుదించేది విద్యార్థులు కాదు, మీరు. డేటా ఎవరిస్తారు, ఏ తేదీకి ఇస్తారు అన్నది ఒక పేజీ ఒప్పందంలో ఉండాలి. తేదీ దాటితే నడిపించడానికి బహిరంగ డేటాతో రెండో ప్రశ్న సిద్ధంగా ఉంచుకోండి.

## 9. అధ్యాపకుల లెక్క నిజాయతీగా వేయండి

‘ఉన్న అధ్యాపకులతోనే నడుపుతాం’ అనే వాక్యం ప్రతిపాదన త్వరగా పాసవ్వడానికి రాస్తారు. మూడో ఏడాదికి అది మెడకు చుట్టుకుంటుంది.

ఏటా 60 మంది చేరతారనుకుందాం. మామూలు కోర్సుకు ఒక సెక్షన్. స్టాటిస్టిక్స్ ల్యాబ్‌కు 25 మందే కాబట్టి కోర్సుకు మూడు సెక్షన్లు. మెమోకు మూడు. రంగం కోర్సులు ఏటా ఆరు, మూడో ఏడాదివాళ్లకు మూడు, నాలుగో ఏడాదివాళ్లకు మూడు. క్యాప్‌స్టోన్‌లో 12 జట్లు, సెక్షన్‌కు నాలుగు జట్ల చొప్పున సెమిస్టర్‌కు మూడు సెక్షన్లు. ఇంటర్న్‌షిప్ చూసుకోవడాన్ని ఒక సెక్షన్‌గా లెక్కించండి.

ఆ ఏడాది నడిచే బ్యాచ్‌లన్నిటికీ కలిపి కూడితే:

- మొదటి ఏడాది: 3 సెక్షన్లు, అందులో రెండు అరువువి
- రెండో ఏడాది: 11
- మూడో ఏడాది: 23
- నాలుగో ఏడాది: 32

మొదటి ఏడాది మీ సొంత సెక్షన్ ఒక్కటే. అందరూ మోసపోయేది ఇక్కడే. ఒక్కొక్కరు ఏడాదికి ఆరు సెక్షన్లు చెప్పగలిగితే, నాలుగో ఏడాదికి అరువువి రెండు పోగా మిగిలే 30 సెక్షన్లకు సరిగ్గా అయిదుగురు సరిపోతారు. ఒకరు సెలవు పెట్టినా నడవాలంటే ఆరేడుగురు కావాలి. నియామకాలకు సమయం పడుతుంది కాబట్టి, మెథడ్స్ అధ్యాపకుడి ప్రకటన మొదటి బ్యాచ్ చేరిన ఏడాదే వెళ్లాలి. ఈ నాలుగు అంకెల్నీ ప్రతిపాదనలోనే పెట్టండి. ఏ ఏడాది ఎన్ని పోస్టులు కావాలో కమిటీతో ఒప్పించుకోండి.

## 10. కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు

ప్రధాన పత్రం పాతిక పేజీలు దాటొద్దు. మిగతాదంతా అనుబంధం. సభ్యులు చదివేది మొదటి రెండు పేజీలు, క్రెడిట్ల పట్టిక, ఖర్చు పట్టిక. ఆ మూడిట్లో అంకెలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. 60 అని ఒకచోట, 63 అని మరోచోట ఉంటే గంటంతా దాని చుట్టే తిరుగుతుంది.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు మూడు:

- పొలిటికల్ సైన్స్ డిగ్రీకి, దీనికి తేడా ఏమిటి? మెథడ్స్ 15 క్రెడిట్లు, మెమో వర్క్‌షాప్, క్యాప్‌స్టోన్ చూపించండి.
- ఉద్యోగాలు ఎక్కడ? ఊహలు వద్దు. ప్రస్తుత నియామక ప్రకటనలు ఓ ఇరవై సేకరించి, ఏ నైపుణ్యం అడిగారో, అది మీ ఏ కోర్సులో ఉందో పట్టిక వేయండి.
- విద్యార్థులు చేరకపోతే? ఎంతమంది కన్నా తగ్గితే ఏం చేస్తారో మీరే రాసుకెళ్లండి. ముగింపు పథకం ఉన్న ప్రతిపాదనను కమిటీలు ఎక్కువగా నమ్ముతాయి.

## 11. మొదటి బ్యాచ్ వచ్చాక

మొదటి ఏడాది 60కి బదులు 30 మందిని తీసుకోగలిగితే తీసుకోండి. తప్పులు ఎలాగూ జరుగుతాయి, తక్కువమంది మీద జరగనివ్వండి.

ప్రతి సెమిస్టర్ ఆరో వారంలో విద్యార్థులతో అరగంట కూర్చోండి. చివర్లో తీసుకునే అభిప్రాయ పత్రాలు తర్వాతి బ్యాచ్‌కు పనికొస్తాయి కానీ, ఎదురుగా ఉన్నవాళ్లకు కాదు. ఏటా చివర్లో ఒక లక్ష్యాన్ని మాత్రమే తీసుకుని కొలవండి. ఉదాహరణకు పది మెమోలు తీసి, ఆ కోర్సు బోధించని ఇద్దరు అధ్యాపకులతో ఒకే గీటురాయి మీద దిద్దించండి. ఇద్దరి మార్కులూ బాగా తేడాగా వస్తే లోపం గీటురాయిలో ఉంది, ముందు దాన్ని సరిచేయండి.

చేసిన ప్రతి మార్పునూ తేదీతో ఒక ఫైల్లో రాసి ఉంచండి: ఏ కోర్సు, ఏం మారింది, ఎందుకు. పాత బ్యాచ్ విద్యార్థి ఒకరు తప్పిన కోర్సు రాయడానికి తిరిగొచ్చి, ‘నాకు వర్తించే నిబంధన ఏది?’ అని అడిగే రోజు వస్తుంది. అప్పటికి మీరు కోఆర్డినేటర్‌గా ఉండకపోవచ్చు.